ఎక్సెల్‌లో తేదీల చోట ##### : కాలమ్ వెడల్పు చాలకనా, తేదీలోనే తేడానా?

పీన్యా_డిస్పాచ్ | పీన్యా, బెంగళూరు

అందరికీ నమస్కారం. యంత్ర భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో సరుకు పంపే విభాగం చూసుకుంటాను. నెలాఖరున మా అకౌంట్స్ ప్రోగ్రామ్ నుంచి డిస్పాచ్ రిజిస్టరును సీఎస్‌వీ ఫైలుగా దించుకుని, ఎక్సెల్‌లో తెరిచి, సర్దుబాటు చేసి హోసూరు, శ్రీపెరంబుదూరు కస్టమర్లకు పంపుతాను. ఈ మధ్య ఆఫీసులో నాకు కొత్త కంప్యూటర్ ఇచ్చారు. అప్పటి నుంచి తేదీలతో తల తిరిగిపోతోంది.

ఫైలు తెరవగానే తేదీల కాలమ్‌లో చాలా గడులు ######## అని నిండిపోయి ఉంటున్నాయి. పాత కంప్యూటర్‌లోనూ ఇది ఉండేది, కాలమ్‌ను పక్కకు లాగితే సరిపోయేది. కొత్తదానిలో కొన్ని గడుల్లో మాత్రం హ్యాష్‌లకు బదులు తేదీ ఎడమవైపుకు అతుక్కుని, చివర తెగిపోయి కనిపిస్తోంది. అంతకంటే పెద్ద చిక్కు "ఎన్ని రోజుల ఆలస్యం" అనే కాలమ్‌ది. సరుకు చేరిన తేదీలోంచి ఒప్పుకున్న తేదీని తీసివేసే చిన్న సూత్రం అది. అందులో కొన్ని గడుల్ని స్క్రీను సగం ఆక్రమించేంత లాగినా హ్యాష్‌లే. ఇంకొన్నిటిలో #వాల్యూ! అని వస్తోంది. పోనీ అన్నీ సర్దాక ప్రింటు తీస్తే, స్క్రీను మీద బాగున్న తేదీలు కాగితం మీద మళ్లీ హ్యాష్‌లు.

తేదీలన్నిటినీ టెక్స్ట్‌గా మార్చేయమని మా మేనేజర్ గారి మాట. అలా చేస్తే హ్యాష్‌లు రావడం లేదు, నిజమే. కానీ త్వరలో ఆడిట్ ఉంది. మార్చడం మంచిదేనా?

జయనగర్_ఆడిట్ | జయనగర్

ముందుగా ఒక భరోసా. ##### అంటే డేటా పోయిందని కాదు. ఆ గడి మీద క్లిక్ చేసి పైన సూత్రం కనిపించే పట్టీ చూడండి, తేదీ పూర్తిగా ఉంటుంది. మౌసును ఆ గడి మీద ఒక క్షణం నిలిపినా చిన్న పెట్టెలో కనిపిస్తుంది. కాలమ్ పేరున్న అక్షరం కుడి అంచు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే, ఆ కాలమ్‌లో అన్నిటికంటే పొడవైన విషయానికి సరిపడా వెడల్పు అదే అమరుతుంది. మూల మీద క్లిక్ చేసి షీటు మొత్తాన్ని ఎంచుకున్నాక చేస్తే అన్ని కాలమ్‌లూ ఒకేసారి సర్దుకుంటాయి.

సీఎస్‌వీతోనే ఇలా ఎందుకు అవుతుందంటే, ఆ ఫైలులో కాలమ్ వెడల్పు అనే సమాచారమే ఉండదు. కామాలతో వేరుచేసిన అక్షరాలు తప్ప మరేమీ ఉండవు. కాబట్టి తెరిచిన ప్రతిసారీ కాలమ్‌లన్నీ ఎక్సెల్ మామూలు వెడల్పుతోనే వస్తాయి. కాలిబ్రి 11 ఫాంటుతో ఆ వెడల్పు 8.43, అంటే సున్నా అనే అంకెను ఎనిమిది సార్లు రాసి ఇంకాస్త చోటు మిగిలేంత. మన పద్ధతిలో 15-10-2024 అని రాస్తే ఎనిమిది అంకెలు, రెండు అడ్డగీతలు. పట్టదు. అదే తేదీని మీరు గడిలో చేత్తో టైపు చేస్తే కాలమ్ తనంతట తానే వెడల్పవుతుంది, అంతకుముందు దాని వెడల్పును మీరు మార్చి ఉండకపోతే. అందుకే చాలామందికి ఈ సమస్య బయటి ఫైలు తెరిచినప్పుడే ఎదురవుతుంది.

ఎంత లాగినా పోని హ్యాష్‌ల సంగతి పూర్తిగా వేరు. మీ ఆలస్యం కాలమ్‌కు ఏ ఫార్మాట్ ఉందో చెప్పండి.

కేఆర్‌పురం_హెచ్‌ఆర్ | కృష్ణరాజపురం

మీ మేనేజర్ గారు చెప్పిందే నేనూ చేస్తానండీ. పక్కన ఒక కాలమ్ పెట్టి టెక్స్ట్ ఫంక్షన్‌తో తేదీని అక్షరాలుగా మార్చి, ఆ ఫలితాన్ని విలువలుగా అతికించేస్తాను. ఉద్యోగుల చేరిక తేదీల జాబితా పై అధికారులకు వెళ్లేటప్పుడు ఒక్క హ్యాష్ కనిపించినా "ఫైలు పాడైపోయిందా?" అని ఫోన్లు వస్తాయి. టెక్స్ట్ అయితే పక్క గడి ఖాళీగా ఉన్నంతవరకు దానిలోకి పాకి మొత్తం కనిపిస్తుంది.

జయనగర్_ఆడిట్ | జయనగర్

పక్క గడి ఖాళీగా ఉన్నంతవరకు అన్నారు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. రిజిస్టరులో పక్క గడి ఖాళీగా ఎందుకుంటుంది? అందులో ఇన్‌వాయిస్ నంబరు ఉంటుంది. అప్పుడు టెక్స్ట్ ఎక్కడ చోటు అయిపోతే అక్కడ తెగిపోతుంది. 15-10-2024 అనేది 15-10-20 దగ్గర ఆగిందనుకోండి, చదివేవారు దాన్ని 2020 అక్టోబరు అనుకుంటారు. అనుమానం రావడానికి కూడా ఆస్కారం లేదు, ఎందుకంటే చూడటానికి అది నిఖార్సైన తేదీలాగే ఉంటుంది. 2020లో చెక్కుల మీద సంవత్సరాన్ని 20 అని పొట్టిగా రాయవద్దని, వెనక ఎవరైనా మరో రెండంకెలు చేర్చవచ్చని ఎంతమంది హెచ్చరించారో గుర్తుండే ఉంటుంది. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు, ఉన్న అంకెలు మాయమవుతాయి.

కుడి పక్కకు సర్దిన టెక్స్ట్ అయితే ఇంకా ఘోరం. ఎడమవైపు తెగుతుంది. 11-4-2024 కాస్తా 1-4-2024 అవుతుంది. పదిరోజులు పోయాయని ఎవరికి తెలుస్తుంది? సగం చిరిగిన మందుల చీటీ చూసి మాత్రలు ఇచ్చినట్టే. సగం తేదీ చూపించడం కంటే అసలు చూపించకపోవడమే నయమని ఈ ప్రోగ్రాములు తీసుకున్న నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఇక క్రమంలో పెట్టడం. టెక్స్ట్‌గా మారిన తేదీలు మొదటి అక్షరాన్ని బట్టి వరుసలోకి వస్తాయి. 01-12-2023 ముందు, 02-01-2023 తర్వాత. ఫిల్టరులో సంవత్సరం, నెల వారీగా విడివడే సౌకర్యం పోతుంది. ఒక తేదీలోంచి ఇంకొకటి తీసివేస్తే ఒక కంప్యూటర్‌లో జవాబు వస్తుంది, ఇంకొకదానిలో రాదు. ఆడిట్‌కు వెళ్లినప్పుడు నేను మొదట చూసేది తేదీలు నిజంగా తేదీలా, అక్షరాలా అన్నదే.

కేఆర్‌పురం_హెచ్‌ఆర్ | కృష్ణరాజపురం

మీరు చెప్పిన ప్రమాదం నిజమే కానీ నా మాట కూడా వినండి. నేను అసలు కాలమ్‌ను తీసేయమనడం లేదు. లెక్కలకు అసలు తేదీ, చూపడానికి టెక్స్ట్. రెండూ ఉంచుతాను. బయటికి వెళ్లే ప్రతి ఫైలును తెరిచే మనిషికి కాలమ్ అంచు మీద రెండుసార్లు క్లిక్ చేయడం తెలిసి ఉండాలని మనం ఆశించకూడదు. ఫోనులో చూసేవారు ఉంటారు. వాళ్లకు కావలసింది తేదీ. పంపేవారు శ్రద్ధ తీసుకుని వెడల్పు సరిచూసి పంపితే టెక్స్ట్ అయినా తెగదు.

జయనగర్_ఆడిట్ | జయనగర్

అసలు కాలమ్ అలాగే ఉండి, చూపే కాలమ్ వెడల్పును పంపే ముందు ఒకసారి సరిచూస్తే నాకు అభ్యంతరం లేదు. అసలుదాని స్థానంలోనే టెక్స్ట్‌ను అతికించడాన్నే నేను వద్దంటున్నాను. అయినా శ్రద్ధగా వెడల్పు చూసేవారికి టెక్స్ట్‌తో పనేముంది, తేదీ అలాగే కనిపిస్తుంది కదా?

పాత_లోటస్ | మల్లేశ్వరం

రిటైరయ్యాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఈ పద్ధతి ఎక్సెల్‌తో పుట్టింది కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన, ఎక్సెల్ లాంటిదే అయిన విసికాల్క్ ప్రోగ్రామ్‌లో చోటు చాలని సంఖ్య ఉంటే గడి నిండా >>>> గుర్తులు వచ్చేవి. మొదట్లో అందులో ఒక్కో కాలమ్‌కు వేరే వెడల్పు ఇచ్చే వీలు కూడా లేదు. మార్చితే అన్నీ కలిసి మారేవి. తర్వాత 1983లో అలాంటిదే లోటస్ 1-2-3 వచ్చింది. మా తరం లెక్కలన్నీ దానిమీదే నడిచాయి. అందులో హ్యాష్‌ల స్థానంలో నక్షత్రాలు, *.

లోటస్‌లో తేదీ వేసిన ప్రతివారికీ ఆ నక్షత్రాలు పరిచయమే. కాలమ్ మామూలు వెడల్పు తొమ్మిది. రోజు, నెల పేరులో మూడక్షరాలు, సంవత్సరంలో రెండంకెలు, మధ్యలో రెండు గీతలు కలిపితే సరిగ్గా తొమ్మిది. కానీ దానికి కావలసిన వెడల్పు పది. కాబట్టి మొదటి తేదీ వేయగానే నక్షత్రాలే స్వాగతం చెప్పేవి. కొత్తగా చేరిన గుమాస్తాలకు మేము నేర్పే మొదటి పాఠం కాలమ్ వెడల్పును పది చేయడం.

ఇంకా వెనక్కి వెళితే ఫోర్‌ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో కూడా సంఖ్యకు కేటాయించిన చోటు చాలకపోతే అంతా నక్షత్రాలతో నింపేవారు. కోబాల్ అనే మరో భాషది వేరే దారి. పెద్ద సంఖ్యను చిన్న చోటుకు పంపితే ఎడమవైపు అంకెలను చడీచప్పుడు లేకుండా కోసేసేది. నాలుగంకెల చోటుకు 12500 పంపితే 2500 మిగిలేది. జీతాల పట్టీల్లో అలాంటిది జరిగితే వెతికి పట్టుకోవడం ఎంత నరకమో ఆ పని చేసినవారికే తెలుసు. అందుకే నక్షత్రాలైనా హ్యాష్‌లైనా కనబడితే నాకు కోపం రాదు. ఇక్కడ చూపించలేకపోతున్నాను, వచ్చి చూడు అని యంత్రం నోరు తెరిచి చెబుతోంది.

రాత్రి_షిఫ్ట్ | వైట్‌ఫీల్డ్

వెడల్పుతో సంబంధం లేని హ్యాష్‌ల గురించి నేను చెబుతాను, రోజూ వాటితోనే నా పని. రాత్రి షిఫ్టు ఉద్యోగుల హాజరు, క్యాబ్ సమయాలు చూస్తాను. 22:00కి వచ్చి 6:00కి వెళ్లినవారి పని గంటలు కావాలంటే వెళ్లిన సమయంలోంచి వచ్చిన సమయాన్ని తీసివేస్తాం. రోజు మారిందని ఎక్సెల్‌కు తెలియదు కదా, జవాబు రుణ సంఖ్య. రుణ సంఖ్యను సమయంగానో తేదీగానో చూపడం మామూలు అమరికలో ఎక్సెల్‌కు చేతకాదు. కాబట్టి గడి నిండా హ్యాష్‌లు, ఎంత లాగితే అన్ని.

సమయాలకు పరిష్కారం మాడ్ ఫంక్షన్. తేడాను 1తో భాగించినప్పుడు మిగిలేది తీసుకుంటే 8:00 అని సరిగ్గా వస్తుంది. ఎక్సెల్ లెక్కలో 1 అంటే ఒక పూర్తి రోజు, సమయమంటే అందులో భాగం. అందుకే ఇది పని చేస్తుంది. వచ్చిన, వెళ్లిన సమయాలతో పాటు తేదీలు కూడా ఒకే గడిలో నమోదు చేస్తే ఈ అవసరమే రాదు. అది ఇంకా మేలైన పద్ధతి.

మీ ఆలస్యం కాలమ్‌లో కూడా జరిగింది ఇదే అయి ఉండాలి. అనుకున్నదానికంటే ముందే సరుకు చేరితే రుణ సంఖ్య వస్తుంది. ఇంకా చేరని సరుకుకు చేరిన తేదీ ఖాళీ, అంటే సున్నా. సున్నాలోంచి 45383 లాంటి సంఖ్య తీసివేస్తే ఏమవుతుందో చూడండి. ఆ కాలమ్‌కు తేదీ ఫార్మాట్ అంటుకుని ఉంటుంది. దాన్ని మామూలు నంబరు చేయండి.

పీన్యా_డిస్పాచ్ | పీన్యా

అవునండీ, తేదీ ఫార్మాటే ఉంది. నంబరుగా మార్చగానే హ్యాష్‌లు పోయాయి, రుణ సంఖ్యలు కనిపించాయి. చేరిన తేదీ ఖాళీగా ఉన్న చోట ఆలస్యం కూడా ఖాళీగా ఉండేలా ఇఫ్‌తో సూత్రం మార్చాను.

కానీ ఒక వరుస చూసి ఆగిపోయాను. అందులో −29 అని ఉంది. అంటే ఇరవై తొమ్మిది రోజులు ముందే చేరినట్టు. ఆ సరుకు నాకు బాగా గుర్తుంది. ముడిసరుకు రాక నానా అవస్థ పడి ఆలస్యంగా పంపాం, హోసూరు నుంచి రోజూ ఫోన్లు. ముందే చేరే ప్రశ్నే లేదు. అకౌంట్స్ ప్రోగ్రామ్‌లో చూస్తే ఒప్పుకున్న తేదీ 05-11-2024, చేరిన తేదీ 04-12-2024. అక్కడ అంతా సరిగ్గానే ఉంది.

ఎలక్ట్రానిక్‌సిటీ_కోడ్ | ఎలక్ట్రానిక్ సిటీ

ఆగండి, ఆలస్యం కాలమ్ సంగతి వదిలి తేదీల కాలమ్‌లు చూడండి. మొదటి టపాలో మీరు ఒక మాట రాశారు, కొన్ని గడుల్లో తేదీ ఎడమవైపు అతుక్కుని ఉందని. ఆ గడుల్లో రోజు 12 కంటే పెద్దదేనా? ఇంకొకటి, కాలమ్ వెడల్పు చేశాక మిగతా తేదీలు అడ్డగీతలతో కనిపిస్తున్నాయా, ఏటవాలు గీతలతోనా?

పీన్యా_డిస్పాచ్ | పీన్యా

ఇప్పుడే చూశాను. ఎడమవైపు ఉన్నవన్నీ 13 నుంచి 31 లోపు రోజులే. కుడివైపు ఉన్నవి ఏటవాలు గీతలతో ఉన్నాయి. ఆ −29 వరుసలో 5/11/2024, 4/12/2024 అని కనిపిస్తున్నాయి.

ఎలక్ట్రానిక్‌సిటీ_కోడ్ | ఎలక్ట్రానిక్ సిటీ

అయితే తేలిపోయింది. కొత్త కంప్యూటర్‌లో విండోస్ ప్రాంతీయ అమరిక అమెరికాది ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. సీఎస్‌వీ తెరిచేటప్పుడు ఎక్సెల్ ఆ అమరికనే నమ్ముతుంది. 05-11-2024 అంటే మీకు నవంబరు 5, దానికి మే 11. 04-12-2024 మీకు డిసెంబరు 4, దానికి ఏప్రిల్ 12. నవంబరు 5 నుంచి డిసెంబరు 4 వరకు 29 రోజుల ఆలస్యం. మే 11 నుంచి వెనక్కి ఏప్రిల్ 12కి కూడా 29 రోజులే. అంకె సరిపోయింది, గుర్తు తిరగబడింది!

28-10-2024 లాంటివాటిని అది తేదీగా గుర్తించలేదు, ఎందుకంటే 28వ నెల లేదు. కాబట్టి టెక్స్ట్‌గా వదిలేసింది. అవే ఎడమవైపు చేరి, చోటు చాలక తెగినవి. వాటితో తీసివేత చేస్తే #వాల్యూ! వస్తోంది.

అంటే మీ ఫైలులో తేదీ తిరగబడిన ప్రతి వరుసా ప్రమాదమే, హ్యాష్ వచ్చిన వరుసలు మాత్రమే కాదు. ఆలస్యం ధన సంఖ్యగా వచ్చిన వరుసల్లోనూ సంఖ్య తప్పు అయి ఉండవచ్చు. ఒప్పుకున్నది నవంబరు 2, చేరింది నవంబరు 5 అయితే మూడు రోజులు. తిరగబడితే ఫిబ్రవరి 11, మే 11. తొంభై రోజులు. దీన్నే కస్టమర్‌కు పంపితే?

ఈ ఫైలును మూసేసి, ప్రాంతీయ అమరికను ఇంగ్లిష్, ఇండియాకు మార్చి, సీఎస్‌వీని మళ్లీ మొదటి నుంచి తెరవండి. తెరిచిన ఫైలులో ఫార్మాట్ మార్చితే ప్రయోజనం లేదు, లోపలి సంఖ్య అప్పటికే తప్పు. అమరిక మార్చడానికి అనుమతి లేకపోతే, డేటా మెనూ నుంచి టెక్స్ట్ ఫైలును దిగుమతి చేసుకుంటూ తేదీల కాలమ్‌కు రోజు, నెల, సంవత్సరం అనే క్రమాన్ని మీరే చెప్పండి.

జయనగర్_ఆడిట్ | జయనగర్

ఎలక్ట్రానిక్ సిటీ గారు భలే పట్టుకున్నారు. కేఆర్‌పురం గారూ, నా పట్టుదల ఎందుకో ఇప్పుడు చూడండి. ఈ స్థితిలో తేదీలన్నిటినీ టెక్స్ట్‌గా మార్చి ఉంటే కనిపించే ఆధారాలన్నీ చెరిగిపోయేవి. ఎడమ, కుడి తేడా ఉండదు. ఏటవాలు గీతలు పోయి అన్నీ అడ్డగీతలతో ఒకేలా కనిపించేవి, మే నెల తేదీలతో సహా. హ్యాష్‌లు, #వాల్యూ! రెండూ కలిసి తప్పు ఎక్కడుందో చెప్పకనే చెప్పాయి.

కేఆర్‌పురం_హెచ్‌ఆర్ | కృష్ణరాజపురం

ఈ ఫైలు విషయంలో ఒప్పుకుంటాను. తేదీలు సరైనవని తేలాకే చూపే కాలమ్ సంగతి. కస్టమర్‌కు వెళ్లే కాపీ గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు.

బనశంకరి_కాల్క్ | బనశంకరి

ఎక్సెల్ లాంటిదే అయిన ఉచిత ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ కాల్క్ వాడేవారి కోసం నాలుగు మాటలు. అక్కడ చోటు చాలకపోతే ### అని మూడే వస్తాయి. టెక్స్ట్ తెగితే గడి అంచున చిన్న ఎర్ర త్రికోణం వస్తుంది. జయనగర్ గారు చెప్పిన "తెగిందని తెలియకపోవడం" అనే ప్రమాదం దానివల్ల కొంత తగ్గుతుంది. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు. కాలమ్ మామూలు వెడల్పు 2.26 సెంటీమీటర్లు.

కానీ రుణ సంఖ్యల దగ్గర కాల్క్ వేరే దారి పట్టింది. దాని లెక్కలో సున్నా రోజు అంటే 30-12-1899, అంతకుముందు తేదీలు కూడా దానికి సమ్మతమే. కాబట్టి −5ను తేదీగా చూపమంటే హ్యాష్‌లు రావు, 25-12-1899 అని వస్తుంది. చరిత్ర పాఠాల తేదీలు వేసుకునేవారికి ఇది వరం. ఆలస్యం లెక్కలో మాత్రం 1899 కనబడితే వెంటనే అనుమానించాలి.

పీన్యా_డిస్పాచ్ | పీన్యా

అమరిక మార్చి మళ్లీ తెరిచాను. తేదీలన్నీ కుడివైపే ఉన్నాయి, ఆ వరుసలో 29 అని వచ్చింది. #వాల్యూ! ఎక్కడా లేదు. అందరికీ కృతజ్ఞతలు.

మా సహోద్యోగి ఒకరు ఎక్సెల్ ఆప్షన్లలో 1904 తేదీ పద్ధతి ఎంచుకుంటే రుణ తేదీల హ్యాష్‌లు పూర్తిగా పోతాయంటున్నారు. అది పెట్టుకోవచ్చా?

పాత_లోటస్ | మల్లేశ్వరం

దయచేసి వద్దు. అది పాత మ్యాక్ కంప్యూటర్ల నుంచి వచ్చిన పద్ధతి. మామూలు పద్ధతిలో 1 జనవరి 1900 అంటే 1. అందులో 29 ఫిబ్రవరి 1900 అనే లేని రోజుకు కూడా 60 అనే అంకె ఉంది. లోటస్‌లో ఉన్న పొరపాటును, దాని ఫైళ్లతో పొత్తు కుదరాలని ఎక్సెల్ కూడా అలాగే ఉంచుకుంది. 1904 పద్ధతిలో లెక్క 1 జనవరి 1904 నుంచి మొదలు. రుణ సమయాలు కనిపిస్తాయి, నిజమే. కానీ అప్పటికే ఉన్న ఫైలులో ఆ గుర్తు పెట్టగానే అందులోని తేదీలన్నీ 1462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక్క రోజు ముందుకు జరుగుతాయి. రెండు పద్ధతుల ఫైళ్ల మధ్య తేదీలు అతికిస్తే అదే తేడా. ఒక గందరగోళంలోంచి బయటపడ్డారు, ఇంకొకటి తెచ్చుకోవద్దు.

ఎలక్ట్రానిక్‌సిటీ_కోడ్ | ఎలక్ట్రానిక్ సిటీ

లాగినా పోని హ్యాష్‌లకు ఇంకో కారణం కూడా ఉంది, దించుకున్న ఫైళ్లలో తరచూ తగులుతుంది. కొన్ని ప్రోగ్రాములు తేదీని 20241015 అని గీతలు లేకుండా ఇస్తాయి. ఎక్సెల్‌కు అది రెండు కోట్లు దాటిన సంఖ్య. అది చూపగల ఆఖరి తేదీ 31-12-9999, దాని సంఖ్య 2958465. అంతకు మించినదానికి తేదీ ఫార్మాట్ ఇస్తే హ్యాష్‌లే. టెక్స్ట్‌ను కాలమ్‌లుగా విడగొట్టే సాధనంలో సంవత్సరం, నెల, రోజు అనే క్రమం ఎంచుకుంటే నిజమైన తేదీగా మారుతుంది.

మాక్రోలు రాసేవారికి ఒక హెచ్చరిక. ఎక్సెల్ మాక్రోల భాష వీబీఏలో గడి విలువను టెక్స్ట్ అనే లక్షణంతో తీసుకుంటే స్క్రీను మీద ఏముందో అదే వస్తుంది. కాలమ్ ఇరుగ్గా ఉంటే మీ చేతికి వచ్చేవి హ్యాష్‌లే. కస్టమర్లకు గడువు తేదీ గుర్తుచేసే మెయిళ్లు "మీ గడువు ########" అని వెళ్లడం నేను చూశాను. వాల్యూ లక్షణం వాడి, తేదీని మీరే కావలసిన రూపంలోకి మార్చుకోండి.

సంఘం_పత్రిక | బన్నేరుఘట్ట రోడ్డు

మా తెలుగు సంఘం కార్యక్రమాల పట్టికను ఎక్సెల్‌లో తయారుచేస్తాను. తేదీ ఫార్మాటులో తెలుగును ఎంచుకుని నెలలు, వారాలు తెలుగులోనే చూపిస్తాను. ఒకే కాలమ్‌లో కొన్ని వరుసలు కనిపిస్తాయి, కొన్ని హ్యాష్‌లవుతాయి. మే నెల కార్యక్రమాలన్నీ ఉంటాయి, సెప్టెంబర్‌వి మాయం. తేదీలన్నీ నిజమైన తేదీలే, సరిచూశాను. ఏదైనా తేలిక మార్గం ఉందా?

బనశంకరి_కాల్క్ | బనశంకరి

మీ తేదీలు సరైనవే. ఎక్సెల్ కాలమ్ వెడల్పును లెక్కించేది ఆ ఫైలు మామూలు ఫాంటులోని సున్నా వెడల్పుతో. అంకెలన్నీ దాదాపు ఒకే వెడల్పు కాబట్టి 01-05-2024, 24-09-2024 రెండూ ఒకే చోటులో పడతాయి. నెల పేరు వచ్చేసరికి ఆ సమానత్వం పోతుంది. "మే" ఒక్క అక్షరం. "సెప్టెంబర్" దానికి ఎన్నో రెట్లు. మన అక్షరాలు నిర్మలా యూఐ ఫాంటులో ఒక వెడల్పు, గౌతమిలో ఇంకొకటి. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు అవతలివారి దగ్గర లేకపోతే వేరే ఫాంటు వచ్చి, మీ దగ్గర పట్టిన తేదీ వారి దగ్గర హ్యాష్ కావచ్చు.

నేను చేసేది ఇది. ఖాళీ గడిలో 24-09-2024 వేసి వారంతో సహా పూర్తి తెలుగు ఫార్మాట్ ఇస్తాను. "మంగళవారం, 24 సెప్టెంబర్ 2024" వస్తుంది, ఏడాదిలో బాగా పొడవైన తేదీల్లో అదొకటి. అది పట్టేలా కాలమ్ పెట్టి, ఇంకొంచెం చోటు వదిలి, తర్వాత ఆ గడిని తుడిచేస్తాను. ఆ ఏడాది మొత్తానికీ సరిపోతుంది.

జయనగర్_ఆడిట్ | జయనగర్

ప్రింటులో హ్యాష్‌ల గురించి పీన్యా గారు అడిగింది అలాగే మిగిలిపోయింది. స్క్రీను మీద, కాగితం మీద అక్షరాల వెడల్పు అచ్చంగా ఒకటి కాదు. ప్రింటరు లెక్కలో ఒక పిసరు ఎక్కువైతే చాలు, అంచుకు అంచు సరిపోయిన తేదీ పట్టదు. స్క్రీనును చిన్నగా, పెద్దగా చేసి చూసినప్పుడు కూడా ఒక స్థాయిలో హ్యాష్‌లు వచ్చి ఇంకో స్థాయిలో పోవడానికి కారణం ఇదే. రెండుసార్లు క్లిక్ చేశాక వెడల్పుకు చేత్తో ఇంకొంచెం కలపండి. పంపే ముందు ప్రింట్ ప్రివ్యూ చూడండి. పీడీఎఫ్ చేస్తే హ్యాష్‌లు అందులో శాశ్వతంగా ఉండిపోతాయి, అవతలివారు లాగి చూసుకునే వీలు ఉండదు.

గడిలో పట్టేలా అక్షరాలను కుదించే ఆప్షన్ ఒకటి అలైన్‌మెంట్‌లో ఉంది. హ్యాష్‌లు రావు కానీ ఒక్కో వరుస ఒక్కో పరిమాణంలో వస్తుంది, రిజిస్టరులో అది బాగుండదు. పట్టిక మరీ ఇరుగ్గా ఉంటే సంవత్సరాన్ని రెండంకెలు చేయండి. అది మీరు తెలిసి చేసిన పని, లోపలి తేదీ చెక్కుచెదరదు.

జీవశాస్త్రం_పరిశోధన | యశ్వంతపురం

చర్చకు కాస్త పక్కదే అయినా చెప్పాలనిపించింది. హ్యాష్‌లు కనిపిస్తాయి కాబట్టి మనం పరుగెత్తి చూస్తాం. మా రంగాన్ని ఏళ్ల తరబడి వేధించింది కనిపించని మార్పు. సెప్ట్1, మార్చ్1 అనే జన్యువుల పేర్లు ఎక్సెల్‌లో వేస్తే సెప్టెంబరు 1, మార్చి 1 అయిపోయేవి. చివరికి 2020లో జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘమే దిగివచ్చి వాటిని సెప్టిన్1, మార్చ్ఎఫ్1 అని మార్చింది.

పీన్యా_డిస్పాచ్ | పీన్యా

ఈ నెల ఫైలు సిద్ధమైంది. అసలు తేదీలను ఒక షీటులో ఉంచి, కస్టమర్లకు వెళ్లే షీటులో తేదీలుగానే, వెడల్పు పెంచి పెట్టాను. మేనేజర్ గారికి −29 వరుసను చూపించాను, టెక్స్ట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఒక్కటే మిగిలింది. ఎవరూ అంకెలు మార్చకుండా షీటుకు పాస్‌వర్డ్ పెట్టి పంపుతాం. వారి దగ్గర ఫాంటు తేడా వచ్చి హ్యాష్‌లు కనబడితే, కాలమ్ లాగడానికి వారికి వీలుపడదు కదా?

ఎలక్ట్రానిక్‌సిటీ_కోడ్ | ఎలక్ట్రానిక్ సిటీ

వీలుపడుతుంది. షీటుకు రక్షణ పెట్టేటప్పుడు, చూసేవారికి ఏవి అనుమతించాలో అడిగే జాబితా వస్తుంది. అందులో కాలమ్‌ల ఫార్మాట్ మార్చుకునే అనుమతికి గుర్తు పెట్టండి. అంకెలు తాళంలోనే ఉంటాయి, వెడల్పు మాత్రం వారు మార్చుకోగలరు. గడులను హిడెన్ అని పెట్టకండి, పెడితే పైన సూత్రం పట్టీలో కూడా తేదీ కనిపించదు.